కాజాల గదిలో పీఠిక

ఆ యూనిఫారాల కార్ఖానాలో రెండు చోట్లున్నాయి. ఒకటి మిషన్ల హాలు. అక్కడ పక్క మనిషి అరిచినా పెదాలు కదలడమే కనిపిస్తుంది, మాట వినబడదు. రెండోది కాజాల గది. కాజాలు కుట్టడం, గుండీలు పెట్టడం, కోట్లకు లైనింగులు అతకడం, చివర్న ఇస్త్రీ, అన్నీ చేతిపనులే. అక్కడ సూది కిందపడినా వినబడుతుంది. వినబడాలి కూడా, లేకపోతే ఆ సూది ఎవరో పిల్లవాడి చొక్కాలో చేరి బడికి వెళ్తుంది.

ఆ గదిలో మధ్యాహ్నం టీ అయ్యాక ఒకామె ఎత్తు స్టూలెక్కి కూర్చుని పుస్తకం పైకి చదువుతుంది. గొంతు అలాంటిది కాబట్టి అందరూ ఆమెను మైకక్క అంటారు. ఆమె చదువుతున్నంతసేపూ ఆమె వంతు గుండీలు మిగతావాళ్ళు పంచుకుని కుట్టేస్తారు. ఎవరూ చెప్పి పెట్టిన ఏర్పాటు కాదిది. మొదట్లో సూపర్‌వైజర్ పనెగ్గొడుతున్నావని కేకలేస్తే, గుండీలన్నీ లెక్కకు సరిపోయాయో లేదో చూసుకోండని గదంతా ఒక్కసారి లేచి నిలబడింది. ఆ రోజునుంచీ స్టూలు ఖాయమైంది.

మైకక్కకు చదువు ఎవరూ చెప్పలేదు. బస్సు బోర్డులు, మందు సీసాల చీటీలు, పొట్లాం కట్టిన కాగితాలు కూడబలుక్కుని పెళ్ళయ్యాక తనంతట తాను నేర్చుకుంది. అడిగి నేర్చుకుందామంటే చెప్పేవాళ్ళకన్నా నవ్వేవాళ్ళే ఎక్కువున్నారు. అందుకని అడక్కుండా నేర్చుకుంది. ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడు ఆమెను చూసి నవ్వేవాడు ఇంకా పుట్టలేదు.

ఇప్పుడా స్టూలు కిందికి నీళ్ళొచ్చాయి. యజమాని కొత్త రేడియో కొని పంపాడు. సూపర్‌వైజర్ గోడకు అర కొట్టించి దానిమీద పెట్టించాడు. నెలాఖరు శనివారం చేతులెత్తిస్తానని, పాటలైతే పాటలు, పుస్తకమైతే పుస్తకం, రెండూ కలిపి గోల పెడితే ఊరుకునేది లేదని తేల్చి చెప్పాడు. పాటల పార్టీకి నాయకుడు ఇస్త్రీ బాబాయి. ఆయనకు పుస్తకం మీద కోపమేం లేదు. రోజంతా వేడిలో నిలబడేవాడికి ఒక పాట వినబడితే ప్రాణం లేచొస్తుందని ఆయన వాదన. అందులో తప్పేముంది? తప్పు లేదు కాబట్టే మైకక్కకు భయం. పాటలు గెలిస్తే తను స్టూలు దిగి మళ్ళీ గుండీల దగ్గర కూర్చోవాలి, అంతే. ఎవరి కొంపా మునగదు. ఆమె ఒక్కతే మునుగుతుంది.

సరిగ్గా అప్పుడే మరిది పుస్తకం తెచ్చాడు.

మరిది కాలేజీలో సాహిత్యం చెబుతాడు. పాత నవల ఒకటి, పెద్దవాళ్ళందరూ గొప్పదని చెప్పేదీ చాలామంది చదవనిదీ, కొత్తగా అచ్చయింది. దానికి పీఠిక రాసింది ఇతనే. తన పేరు అచ్చులో చూసుకోవడం అతనికదే మొదలు. అత్త ఆ పుస్తకం పట్టుకుని ఇరుగుపొరుగంతా తిరిగొచ్చింది. చదవడం రానివాళ్ళకు పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది. ఆమెకూ చదవడం రాదు, కానీ ఆ చోటు మాత్రం కంఠతా వచ్చు.

మీ గదిలో ఇది చదువు వదినా అన్నాడు మరిది. అతని కళ్ళలో వెలుగు చూసి మైకక్కకు నిజంగానే సంతోషమేసింది. తర్వాత ఒక మాట చేర్చాడు.

"పీఠిక మాత్రం ముందు చదవాలి. అది లేకుండా నవలలోకి దిగితే మీకు అందదు."

అందదు అన్న మాట ఆమెకు కొత్తేం కాదు. పై అరలో పెట్టిన ప్రతిదాని గురించీ చిన్నప్పటినుంచీ అదే విన్నది. కాబట్టి నొచ్చుకోలేదు. పైగా భయపడింది. నిజమే కాబోలు, చదువుకున్నవాడు చెబుతున్నాడు, గుమ్మం దాటకుండా ఇంట్లోకి ఎలా వెళ్తాం అనుకుంది. మరిది పేరు మొదట వినిపించాలన్న మురిపెం కూడా లేకపోలేదు.

మర్నాడు స్టూలెక్కి పీఠిక అందుకుంది. నాలుగు వాక్యాలు కాగానే గుండీల వరసలోంచి చురక గొంతు లేచింది. చురక అంటే ఎక్కడ అంటిస్తే మండుతుందో తెలిసిన మనిషి, పేరు ఊరికే రాలేదు.

"పీఠికంటే ఏంటక్కా?"

"పీఠం లాంటిది. ఆసనం."

"ఎవరు కూర్చోడానికి?"

"పుస్తకం కూర్చోడానికి."

"కూర్చోబెట్టారు, బాగుంది. ఎప్పుడు లేస్తుందట?"

గదంతా నవ్వింది. మైకక్క కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు రెండో రోజుకు చల్లబడింది, మూడో రోజుకు పోయింది. పీఠిక లేవలేదు. పరిణామక్రమ దృష్ట్యా ఈ రచనకు గల చారిత్రక ప్రాధాన్యం అని మొదలయ్యే వాక్యం పేజీ తిరిగినా ఆగదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియక మైకంత గొంతూ మధ్యలో గరగరమంది. పాత్రచిత్రణ వైశిష్ట్యం అన్నచోట ఎవరో ఆవలించారు. ఆవలింత కాజాల వరసనుంచి గుండీల వరసకు, అక్కడినుంచి ఇస్త్రీ బల్లకు పాకింది. ఇస్త్రీ బాబాయి పెట్టె పక్కన పెట్టి, చాలా మర్యాదగా, మీ మరిది ఇంటికెవరైనా వెళ్తే లోపలికి రమ్మంటాడా, గుమ్మంలోనే నిలబెట్టి ఇంటి కొలతలు చెబుతాడా అని అడిగాడు. చివరికి పుస్తకం పక్షాన రాయిలా నిలబడే లైనింగ్ పిన్ని కూడా తల దించుకుని, ఏమనుకోకే, నిద్రలో కుట్టి నా కొంగును కోటుకు అతికించేశాను అంది.

రేడియో అరమీద మాటామంతీ లేకుండా కూర్చుని ఉంది. దానికి తొందరేముంది, శనివారం వరకూ ఆగగలదు.

ఈ పీఠిక ఎక్కడ తెగుతుందో చూద్దామని ఒక పొద్దున బస్సులో మైకక్క ముందుకు తిరగేసింది. ఒక పేజీలో కళ్ళు ఆగిపోయాయి. చావుకబురు చల్లగా చెప్పినట్టు అక్కడొక వాక్యముంది: కట్టకడపట ఈమె నిరాశకు లోనై, తన పడవను తానే నదిలో ముంచివేయడంతో నవల ముగుస్తుంది.

ఈమె ఎవరు? పడవేమిటి? మైకక్క ఇంకా ఒక్క ముక్క కథ చదవలేదు. ఆ మనిషి పేరు తెలియదు, మొహం తెలియదు, ఏ రేవులో తెడ్డు వేసిందో తెలియదు. మునగడం మాత్రం తెలిసిపోయింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఎవడడిగాడు నిన్ను? చదువుకున్నవాళ్ళందరూ ఆ నవల ఎప్పుడో చదివేసి ఉంటారని ఈ పీఠికలు రాసేవాళ్ళ ధీమా. ఇవాళే మొదటిసారి తెరిచేవాళ్ళు కూడా లోకంలో ఉంటారని తట్టదు. వీళ్ళ లెక్కలో అలాంటివాళ్ళు మనుషులు కారు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. వెనక్కి నడిచి కార్ఖానాకు చేరేసరికి చెమటలో, కోపంలో తడిసిపోయి ఉంది.

ఆ మధ్యాహ్నం పుస్తకం మీద దయ చూపలేదు. తెరిచిన పేజీ మూసుకుపోకుండా ఇస్త్రీ బాబాయి దగ్గర మూలపడిన పాత ఇస్త్రీపెట్టె తెచ్చి పుస్తకం మీద దబ్బున పెట్టింది. జిగురుతో అంటించిన నడుము అది, ఎంత ఓర్చుకుంటుంది? ఫట్టుమని విరిగింది. పీఠిక ఒక ముక్క, నవల ఒక ముక్క. చురక అటు చూసి, కత్తిరింపు భలే తిన్నగా వచ్చిందక్కా అంది. లైనింగ్ పిన్ని రెండు ముక్కలూ సంచిలో వేసుకుని, రేపటికి కుట్టి తెస్తానంది. జిగురు పనులు నిలవవని, దారమే నిలుస్తుందని ఆమె నమ్మకం.

మర్నాడు తెచ్చింది. కోటు భుజాలకు వాడే గట్టి దారంతో, లాగినా రానట్టు కుట్టింది. మైకక్క స్టూలెక్కి మొదటి పేజీ తెరిచి, మళ్ళీ పీఠికే ఎదురవుతుందని ఊపిరి బిగబట్టి చదివింది.

"'పడవా' అని అవతలి ఒడ్డునుంచి కేక వినబడింది. ఆమె వినబడనట్టు చుట్ట కాల్చుకుంటూ కూర్చుంది."

సూదులు ఆగాయి. మైకక్క కూడా ఆగింది. పుస్తకం తిప్పి చూసింది. పీఠిక వెనకెక్కడో, అట్ట దగ్గర ఉంది.

లైనింగ్ పిన్ని మొహం పాలిపోయింది. ఆమె అక్షరాలు చదవలేదు, వాటి సైజు చూసింది. సన్నక్షరాల ముక్క లైనింగ్ అనుకుంది. లైనింగ్ ఎప్పుడూ ముందు పరుస్తారు, కింద. దానిమీద అసలు గుడ్డ. అలవాటైన చెయ్యి, ఆలోచించకుండా అలాగే పరిచి అలాగే కుట్టేసింది. నిమిషంలో విప్పి మళ్ళీ కుడతానని దారం కత్తెర తీసుకుని లేచింది.

మైకక్క ఆమె మణికట్టు పట్టుకుంది. కాసేపు వదల్లేదు. ఒకవైపు మరిది కళ్ళలో వెలుగు, అత్త వేలు పెట్టి చూపించిన పేరు. ఇటువైపు గాలిలో ఆగిన సూదులు. పొరపాటున జరిగిందని సర్దుకోవచ్చు. కానీ ఆమెకు పొరపాటు వెనక దాక్కోవడం నచ్చలేదు. కావాలనే చేశానని చెప్పుకోగలిగితేనే చెయ్యాలి, లేకపోతే విప్పించెయ్యాలి.

"వద్దు పిన్నీ, ఉండనీ," అంది. తర్వాత గదివైపు తిరిగింది. "పీఠిక ఎక్కడికీ పోలేదు. వెనకుంది. కథ అయ్యాక దాని సంగతి చూద్దాం. ముందు ఈ మనిషి ఎవరో, పిలిస్తే ఎందుకు పలకదో చూద్దాం."

చూశారు. ఆ మనిషి ఒక ఏటి రేవులో పడవ నడుపుతుంది. పడవ తాతలనాటిది, రేవు మాత్రం గుత్తేదారుది. దాటే ప్రతి మనిషి మీదా వాడికి వాటా. పడవను కూడా ఎప్పుడు రాయించుకుందామా అని వాడు కాచుకుని ఉంటాడు. ఆమె నోరు మంచిది కాదు. జనం ఆ ఒడ్డునుంచి పడవా అని కేకేస్తే బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. వచ్చాక ఎవర్నీ మధ్యలో దింపదు. కాజాల గది ఆమెను పడవక్క అని పిలుచుకుంది. రెండ్రోజుల్లో దారపుండ కావలసినవాళ్ళు కూడా పడవా అని కేకెయ్యడం మొదలెట్టారు. గుత్తేదారు నవ్వుతూ మాట్లాడే ఘట్టం వచ్చినప్పుడు ఇస్త్రీ బాబాయి నోరు తెరుచుకుని వింటూ ఒక కాలరు మాడ్చేశాడు. మాడిన కాలరు పైకెత్తి, ఇది ఆ వెధవ ఖాతాలో వెయ్యండి అన్నాడు.

గదంతా ఇలా పడవలో ఉంటే మైకక్క ఒక్కతే ఒడ్డున ఉండిపోయింది. ఆమెకు చివర తెలుసు. పడవక్క ఎదురు తిరిగినప్పుడల్లా గది పొంగిపోయేది, ఆమె మాత్రం మిగిలిన పేజీలు వేళ్ళతో తడిమి చూసుకునేది. ఎంత తిరగబడి ఏం లాభం, చివరికి నిరాశేగా అనిపించేది. గొంతులో అది తెలియకుండా చదవడానికి నానా అవస్థా పడింది. ఒక్క వాక్యం ఆమె చేతిలోంచి పుస్తకం లాక్కుపోయింది. మిగతావాళ్ళ చేతుల్లోంచి పోనివ్వకూడదని పళ్ళు బిగించి చదివింది.

ఇంట్లో దాచలేదు. భోజనాల దగ్గర అత్త, పీఠిక ఎంతవరకొచ్చిందే అని అడిగితే, ఆపేశానని, వెనక్కి కుట్టించానని ఉన్నదున్నట్టు చెప్పింది. అత్త చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మరిది కంచంలోంచి తల ఎత్తలేదు. ఏళ్ళ తరబడి చదివి రాశాను వదినా అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె మెత్తబడింది, కానీ వెనక్కి తగ్గలేదు.

"నువ్వీ నవల మొదటిసారి ఎప్పుడు చదివావు?"

"బళ్ళో ఉన్నప్పుడు. పాత పుస్తకం, అట్ట కూడా లేదు."

"పీఠికుందా అందులో?"

"ముందు పేజీలే లేవు."

"మరి అందిందా?"

అతను కంచంలో వేలితో గీతలు గీశాడు. అందింది అన్నాడు చివరికి. ఆ రోజు అన్నానికి పిలిచినా వినబడలేదని, అమ్మ వచ్చి వీపు మీద ఒకటి వేసిందని గుర్తు తెచ్చుకున్నాడు. వేశానులే, ఇప్పుడు కూడా వేస్తాను, అన్నం చల్లారిపోతోంది అంది అత్త. మరిది చేయి కడుక్కుంటూ, శనివారం నేనూ వచ్చి వినొచ్చా అని అడిగాడు. సూపర్‌వైజర్ కాదన్నా రమ్మంది మైకక్క.

శనివారం టీ కాగానే సూపర్‌వైజర్ కాగితం, పెన్సిలు పట్టుకుని వచ్చాడు. చేతులెత్తమన్నాడు. ఇంకా ఆఖరి అధ్యాయం ఉందని, అది అయ్యాకే ఏదైనా అని మైకక్క స్టూలెక్కేసింది. ఆయన ఏదో అనబోతే ఇస్త్రీ బాబాయి, పాటల పార్టీ నాయకుడు, సాక్షాత్తూ ఆయనే, కూర్చోండి సార్ అని బల్ల చివర చూపించాడు. మరిది అప్పటికే అక్కడ, మడతపెట్టిన చొక్కాల పక్కన ఒదిగి కూర్చుని ఉన్నాడు.

మైకక్క చదివింది. గుత్తేదారు పడవ రాయించేసుకున్నాడు. స్వాధీనం చేసుకోవడానికి వచ్చి, దర్జాగా ఎక్కి కూర్చుని, చివరిసారి నువ్వే నన్ను అవతలికి దాటించు అన్నాడు. పడవక్క తెడ్డు వేసింది. మైకక్క పుస్తకం కళ్ళకు దగ్గరగా జరుపుకుంది. వస్తోంది, మునుగుతుంది, ఇప్పుడే అనుకుంది. కానీ పడవక్క ఏటి నడుమ ఇసకదిబ్బ దగ్గర ఆపింది. ఇక్కడ లోతు తక్కువ, పడవ తేలిక కావాలి, కాసేపు దిగండి అంది. వాడు చెప్పులు చేత్తో పట్టుకుని దిగాడు. ఆమె పడవ వెనక్కి తిప్పి, ఒడ్డుకు దగ్గరగా తెచ్చి, అడుగు చెక్క ఊడబెరికింది. ఈదుకుంటూ ఒడ్డెక్కి, కొంగు పిండుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. నీళ్ళ నడుమనుంచి కేక వినబడింది.

"పడవా."

మైకక్క ఆ ఒక్క మాటా చదివి ఆగిపోయింది. ముందుకు చదవలేకపోయింది. ఆమెకు నవ్వు ముంచుకొచ్చింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి. నిరాశట. ఎవరికి నిరాశ? ఇన్నాళ్ళూ ఆమెను భయపెట్టిన మునక ఇదా? పడవ మునిగిన మాట నిజమే, ఆ వాక్యం అబద్ధం చెప్పలేదు. కానీ ఇసకదిబ్బ మీద చెప్పులు పట్టుకుని నిలబడ్డవాడి సంగతి అది చెప్పలేదు. పోయిందనుకున్న పుస్తకం తిరిగి ఆమె చేతిలో పడింది.

గది ఎప్పుడు లేచి నిలబడిందో తెలియదు. చురక బల్ల చరుస్తోంది. లైనింగ్ పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. గోల విని మిషన్ల హాల్లోంచి ఇద్దరు ముగ్గురు తలుపు దగ్గరికొచ్చి, ఏమైంది, ఎవరికి బోనసిచ్చారు అని అడిగారు.

సూపర్‌వైజర్ గొంతు సవరించుకున్నాడు. ఇక పాటలు కావలసినవాళ్ళు అని మొదలుపెట్టబోయాడు. ఇస్త్రీ బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి సార్. ఆ పీఠికలో ఈయన ఏం రాశాడో వినాలి. విన్నాకే చేతులు."

ఒక వారంపాటు ఆవలించిన గది అది. ఇప్పుడు అదే గది చదవమని గొడవ పెట్టింది. మైకక్క స్టూలు దిగి, పుస్తకం వెనక్కి తిప్పి మరిదికి ఇచ్చింది. నీదే కదా, నువ్వే చదువు అంది. అతను ఆ నిరాశ వాక్యం దగ్గరికి రాగానే లైనింగ్ పిన్ని సూది చూపించి నిలదీసింది. నిరాశ ఎక్కడ కనబడింది నాయనా నీకు, ఆ తల్లి కాళ్ళు చాపుకుని కూర్చుంటేనా? మరిది తడబడ్డాడు, కానీ పారిపోలేదు.

"రేపు పొద్దున ఆమె ఏం తింటుంది? బతుకుతెరువు ఆ పడవే కదా. మాట మార్చమంటే మారుస్తాను. ఆకలి సంగతి మాత్రం మీరు కొట్టిపారెయ్యకండి."

గది రెండుగా చీలిపోయింది. అతనన్నది నిజమే, గెలిచిన మర్నాడు పస్తుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు అంది చురక, మొదటిసారి చురక లేకుండా. ఇన్నేళ్ళు రేపటికోసమే తెడ్డు వేసింది, ఏమొచ్చింది అంది పిన్ని. ఇద్దరూ తగ్గలేదు. మరిది ఒకరి మాటకు తలూపి, ఇంకొకరి మాటకు కాదని, చొక్కాల దొంతర మీద చెయ్యి వేసి వాదించాడు. కాలేజీలో అతని మొహం ఇలా ఉంటుందో లేదో గాని, ఇంట్లో మైకక్క ఎప్పుడూ చూడలేదు.

అప్పుడతను పీఠికలో చివరి పేజీలు చదివాడు. మొదట విన్నప్పుడు నిద్రపోయిన గది ఆ పేజీలదాకా రానేలేదు. నవల మొదట అచ్చువేసినవాడు ఆ చివర మార్చేశాడట. పడవక్క గుత్తేదారు కాళ్ళ మీద పడి క్షమించమన్నట్టు తనే రాయించి అచ్చువేశాడట. రాసినాయన ఊరుకోలేదు. అంగడి అంగడికీ వెళ్ళి, కొనేవాడిలా పుస్తకం తీసి, ఆ దొంగ పేజీలు చింపి, చేత్తో రాసుకొచ్చిన తన పేజీలు జిగురుతో అంటించి వచ్చేవాడట. పట్టుకుని కొట్టారు కూడా. మళ్ళీ వెళ్ళాడట.

ఇంతకుముందు విని ఉంటే, ఎవరో రచయిత, ఏవో పేజీలు అనుకుని గుండీ కుట్టుకునేవాళ్ళు. ఇప్పుడా పేజీలు వాళ్ళవి. ఇసకదిబ్బ మీది ఆ కేక కోసం ఒక మనిషి దెబ్బలు తిన్నాడు. ఇస్త్రీ బాబాయి కళ్ళు తుడుచుకుని, ఇస్త్రీ ఆవిరి, అంతే అన్నాడు.

"ముందు కాదు వదినా," అన్నాడు మరిది పుస్తకం మూస్తూ. "దీని చోటు వెనకే. మళ్ళీ అచ్చువేస్తే అలాగే వెయ్యమంటాను."

సూపర్‌వైజర్ పెన్సిలు పైకెత్తి పాటలు కావలసినవాళ్ళను చేతులెత్తమన్నాడు. అందరూ ఇస్త్రీ బాబాయి వైపు చూశారు. ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. ఆ డబ్బాను మిషన్ల హాలుకు పట్టుకెళ్ళండి సార్, అక్కడ ఎలాగూ ఏదీ వినబడదు అన్నాడు. పుస్తకం అనగానే చేతులు లేచాయి. సూదులున్న చేతులు, దారాలు వేలాడే చేతులు, తలుపు దగ్గర నిలబడ్డ మిషన్లవాళ్ళవి కూడా. వాళ్ళు ఈ గదివాళ్ళు కాదని సూపర్‌వైజర్ వాటిని కొట్టేశాడు. మైకక్క ఎత్తిన చెయ్యి చూసి, నువ్వు చదివేదానివి, నీ చెయ్యి కూడా లెక్కలోకి రాదు అన్నాడు.

మైకక్క చెయ్యి దించలేదు. ఇంకాస్త పైకెత్తింది.

"నేనూ వింటూనే చదివాను సార్. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టండి."

ఆయన ఒకసారి గది మొత్తం చూశాడు. పెన్సిలు తడిచేసుకుని, మొదటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.